నాబ్ వదిలితే ఆరిపోయే మంట

గ్యాస్ హీటర్‌లో మంట అంటుకోవడం ఒక ఎత్తు, నిలవడం ఇంకో ఎత్తు. అంటుకోవడానికి గ్యాసు, గాలి, ఒక నిప్పురవ్వ ఉంటే చాలు. నిలవాలంటే మాత్రం మంట ఉన్నట్టు గ్యాస్ వాల్వుకు క్షణక్షణం తెలుస్తూ ఉండాలి. తెలియడం ఆగిన మరుక్షణం వాల్వు తనంతట తానే మూసుకుంటుంది. మంట లేకుండా గ్యాసు ఊరికే గదిలోకి పోకుండా చేసిన ఏర్పాటు ఇది. వెలిగి వెంటనే ఆరిపోయే హీటర్‌లో బర్నరు సాధారణంగా బాగానే ఉంటుంది. మంట సంగతి వాల్వుకు చేరే దారిలోనే ఎక్కడో లోపం ఉంటుంది. ఒక్కోసారి ఆ లోపం కూడా ఉండదు. గదిలో గాలి చాలకో, నీటి ఒత్తిడి తగ్గో, ఆ ఏర్పాటు తన పని తాను చేసి ఉంటుంది. మంట ఎందుకు ఆరిందో తేల్చుకోవడానికి ముందుగా గమనించవలసింది అది వెలిగిన ఎంతసేపటికి ఆరింది అన్నదే.

చలి దేశాల్లో ఈ తలనొప్పి ఎక్కువగా గదిని వెచ్చబెట్టే గోడ హీటరుతో వస్తుంది. కాలిఫోర్నియాలో పాత అపార్ట్‌మెంట్లలో అద్దెకున్న తెలుగువాళ్లకు అది పరిచయమే. కర్నూలు, కడపల్లో గదిని వెచ్చబెట్టుకోవలసిన రోజు ఏడాది మొత్తంలో రాదు. అక్కడ గోడకు తగిలించిన గ్యాస్ యంత్రం అంటే స్నానానికి నీళ్లు కాచే గీజరే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా దానికి పని. మిగతా కాలంలో ఎండకు మేడమీది ట్యాంకే నీళ్లు కాచి ఇస్తుంది. పాత రకం గీజర్లలో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న పైలట్ మంట ఉంటుంది. ఇప్పుడు దొరికే వాటిలో పైలట్ లేదు. కుళాయి తిప్పగానే టార్చిలైటు సెల్లులతో నిప్పురవ్వ పుట్టి బర్నరు వెలుగుతుంది. మంట ఉన్నట్టు వాల్వుకు తెలియాలన్న సూత్రం వంటింట్లో భద్రతా వాల్వు ఉన్న హాబ్ స్టవ్‌లకూ వర్తిస్తుంది. నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపు మండి, వేలు తీయగానే ఆరిపోయే స్టవ్‌కూ గోడ హీటరుకూ జబ్బు ఒకటే.

పైలట్ ఉన్న యంత్రంలో మంటను కనిపెట్టి ఉండేది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాలను ఒక కొసన కలిపి, ఆ కొసను వేడిచేసి రెండో కొసను చల్లగా ఉంచితే తీగలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. 1821లో జర్మన్ శాస్త్రవేత్త థామస్ యోహాన్ సీబెక్ దీన్ని గమనించాడు. పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం చూసి ఆయన దాన్ని అయస్కాంత ప్రభావం అనుకున్నాడు. అది విద్యుత్ ప్రవాహమని తేల్చినవాడు మరో శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్. హీటర్‌లోని థర్మోకపుల్ పెన్సిలు కంటే సన్నని లోహపు కడ్డీ. దాని కొన పైలట్ మంటలో ఉంటుంది, తోకలాంటి రాగి గొట్టం వాల్వు దాకా పోతుంది. మంచి స్థితిలో ఉంటే అది 25 నుంచి 30 మిల్లీవోల్టులు ఇస్తుంది. టార్చిలైటు సెల్లు ఒక్కటి ఇచ్చే 1.5 వోల్టుల్లో ఇది యాభయ్యో వంతుకు మించదు.

ఇంత తక్కువ విద్యుత్తు వాల్వును తెరవలేదు. తెరిచిన వాల్వును పట్టి ఉంచగలదు, అంతే. నాబ్ నొక్కి పట్టుకోమనడంలో కిటుకు ఇదే. వాల్వును తెరిచేది మనిషి వేలు. వేలి ఒత్తిడికి స్ప్రింగు అణిగి, ఇనుప బిళ్ల విద్యుదయస్కాంతానికి ఆనుకుంటుంది. ఈలోగా కడ్డీ కొన కాగి విద్యుత్తు పుడితే అయస్కాంతం ఆ బిళ్లను వదలకుండా పట్టుకుంటుంది. మధ్యలో ఖాళీ లేదు గనుక కొద్దిపాటి బలం సరిపోతుంది. మంట ఆరితే కడ్డీ చల్లారి అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు వాల్వును మూసేస్తుంది. కరెంటు ప్లగ్గు, సెల్లు ఏవీ లేకుండా మంట తన వేడితోనే తన వాల్వును తెరిచి ఉంచుకునే ఈ పద్ధతి కన్నా తెలివైన భద్రతా ఏర్పాటు ఇంటి సామానులో ఇంకొకటి చూపడం కష్టం.

వేలు తీయగానే పైలట్ ఆరిపోతే ముందు అనుమానించవలసింది తొందరపాటును. కడ్డీ కాగడానికి సమయం పడుతుంది. పాత యంత్రంలో నాబ్‌ను అర నిమిషమైనా నొక్కి ఉంచాలి. గాలి చేరిన గొట్టంలోంచి గ్యాసు రావడానికి ఇంకాస్త పడుతుంది. అర నిమిషం, నిమిషం ఆగినా ఫలితం లేకపోతే అప్పుడు మంట ఆకారం చూడాలి. పైలట్ మంట నీలంగా, నిలకడగా ఉండి, కడ్డీ కొన నుంచి ఒక సెంటీమీటరు మేర చుట్టుకోవాలి. పసుపు రంగులో నాలుకలు చాస్తూ ఊగుతున్నా, కడ్డీని తాకీ తాకకుండా పక్కకు వాలినా వోల్టేజీ చాలదు. మంట బాగుండి కూడా నిలవకపోతే కడ్డీ మీద మసి ఉందేమో, రాగి గొట్టం వాల్వులోకి దిగే చోట మర వదులైందేమో చూస్తారు. ఆ కీలులో కొద్దిపాటి చిలుము పట్టినా చాలు. 230 వోల్టుల తీగలో లెక్కకే రానంత అడ్డు, 25 మిల్లీవోల్టుల దగ్గర కరెంటును సగానికి కోసేస్తుంది. కాబట్టి మెకానిక్ ముందు ఆ కొసను మెత్తటి ఎమరీ కాగితంతో తుడిచి, మరను వేళ్లతో తిప్పి, ఆపైన స్పానరుతో పావు చుట్టు మాత్రం బిగిస్తాడు. ఎక్కువ బిగిస్తే కొసలోని ఇన్సులేషన్ చితికిపోయి కొత్త థర్మోకపుల్ కూడా పనికిరాకుండా పోతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా నిలవకపోతే థర్మోకపుల్‌నే మారుస్తారు. ఏళ్ల తరబడి మంటలో ఉన్న కొన ఆక్సీకరణకు లోనై బలహీనపడుతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే వోల్టేజీ తగ్గిపోయి కనిపిస్తుంది. కొత్తది వేసినా ఆరిపోతుంటే లోపం విద్యుదయస్కాంతంలో ఉన్నట్టు. అది వాల్వులో భాగం. వాల్వును విప్పి అతుకులు వేయడం ఇంట్లో చేసే పని కాదు, మొత్తంగా మార్చడమే దారి.

ఇంకో రకం ఉంది: పది నిమిషాలు చక్కగా మండి తర్వాత ఆరుతుంది. థర్మోకపుల్‌లో వోల్టేజీని నిర్ణయించేది రెండు కొసల మధ్య తేడా. వేడి కొస ఎంత కాగిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. హీటరు పెట్టె లోపల గాలి ఆడక చల్లటి కొస కూడా కాగిపోతే, మంట ఎర్రగా కడ్డీని కాలుస్తున్నా తేడా తగ్గి అయస్కాంతం పట్టు వదులుతుంది. ఇక్కడ థర్మోకపుల్‌ను ఎన్నిసార్లు మార్చినా ఉపయోగం లేదు. గాలి దారి చూడాలి.

రాయలసీమలో పైలట్ మంట సన్నబడటానికి మామూలు కారణం దుమ్ము, పురుగులు. పైలట్ జెట్ రంధ్రం మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. మార్చి నుంచి అక్టోబరు దాకా గీజరును ఎవరూ ముట్టుకోరు. ఆ ఎనిమిది నెలల్లో సాలీడు గూడు అల్లుతుంది, కందిరీగ మట్టితో గొట్టం నోరు మూసేస్తుంది, ఎండాకాలపు గాలికి లేచిన సన్నటి ధూళి మిగతా పని పూర్తి చేస్తుంది. నవంబరులో మొదటిసారి వెలిగించినప్పుడు మంట నిలవదు. చాలామంది సూదో, పిన్నో పెట్టి గుచ్చుతారు. ఇత్తడి జెట్ మెత్తనిది. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా గ్యాసు ఎక్కువై మంట పసుపుపచ్చగా మారి మసి కక్కుతుంది. జెట్‌ను విప్పి, సైకిలు పంపుతోనైనా వెనకవైపు నుంచి గాలి కొట్టడం మేలు.

కొత్త గీజర్లలో మంటను కనిపెట్టే తీరు వేరు. మంటలో విద్యుదావేశం ఉన్న అయాన్లు ఉంటాయి. అందుచేత మంట కొద్దిగా విద్యుద్వాహకం. బర్నరు మీదికి చాచి ఉంచిన సన్నటి కడ్డీకీ బర్నరుకూ మధ్య వోల్టేజీ పెడితే, మంట ఉన్నంతసేపు దాని గుండా కొన్ని మైక్రో ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆ కరెంటు కనిపించినంతవరకే సర్క్యూటు గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది. కడ్డీ కాగే దాకా ఆగవలసిన పని లేదు గనుక ఈ పద్ధతి చురుకైనది. కానీ కడ్డీ మీద మసో, మంటలో కాలి అట్టగట్టిన దుమ్మో పేరుకుంటే కరెంటు పారదు. అప్పుడు నిప్పురవ్వ టిక్ టిక్‌మంటుంది, బర్నరు భగ్గుమంటుంది, నాలుగైదు సెకన్లలో ఆరిపోతుంది. ప్రతిసారీ అదే వరస అయితే అనుమానం ఈ కడ్డీ మీదికే పోవాలి. తుడిచి, ముందున్న వంపులోనే మళ్లీ నిలబెడితే చాలాసార్లు బాగుపడుతుంది.

సెల్లుల లోపం ఇలా ఉండదు. ఉదయం మొదట స్నానం చేసినవాళ్లకు గీజరు బాగా పనిచేసి, ఆ తర్వాతివాళ్లకు మొండికేస్తే సెల్లులు అయిపోవచ్చాయని అర్థం. మామూలు జింక్-కార్బన్ సెల్లు రాత్రంతా విశ్రాంతిలో కొంత తేరుకుంటుంది. వాడటం మొదలుపెట్టగానే మళ్లీ జారిపోతుంది. రెండు పెద్ద సెల్లులు కలిసి 3 వోల్టులు ఇవ్వాలి. నిప్పురవ్వ పుట్టించడానికి చాలినంత ఉన్నా వాల్వును పట్టి ఉంచడానికి చాలకపోవచ్చు. స్నానాల గది తేమకు సెల్లుల అరలోని స్ప్రింగులకు తుప్పు పట్టి ఉంటే కొత్త సెల్లులు వేసినా అదే తంతు. తనిఖీకి పైసా ఖర్చు లేని చోటు ఇది. మెకానిక్‌ను పిలిచే ముందు చూడవలసిన మొదటి చోటూ ఇదే.

తర్వాతిది నీరు. నీళ్లు పారకుండా బర్నరు వెలిగితే రాగి చుట్టలు కాలిపోతాయి. అందుకని గీజరులో రబ్బరు డయాఫ్రం ఒకటి పెడతారు. పారే నీటి ఒత్తిడికి అది ఒకవైపు ఉబ్బి, ఒక పుల్లను తోసి, గ్యాసు దారినీ స్విచ్చినీ తెరుస్తుంది. చాలా గీజర్లకు కనీసం 0.2 నుంచి 0.3 బార్ ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తు నీరు ఒక బార్. అంటే ట్యాంకులో నీటిమట్టం గీజరు కంటే రెండు మూడు మీటర్లు ఎత్తున ఉండాలి. కడపలోనో ప్రొద్దుటూరులోనో ఒంటి అంతస్తు మిద్దె ఇంటి లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. గీజరు నేల నుంచి మీటరున్నర ఎత్తులో, స్లాబు మూడు మీటర్ల ఎత్తులో, దానిమీద అర మీటరు దిమ్మె మీద ట్యాంకు. నిండు ట్యాంకుకు దాదాపు మూడు మీటర్ల ఎత్తు దొరుకుతుంది, ఖాళీ కావచ్చిన ట్యాంకుకు రెండే. గీజరు సరిగ్గా అంచు మీద నిలబడి ఉంటుంది. ట్యాంకు నిండినప్పుడు మండి, తగ్గినప్పుడు ఆరితే, లేదా వంటింట్లో ఎవరో కుళాయి విప్పగానే స్నానాల గదిలో మంట పోతే, గ్యాసులో లోపం వెతకడం వృథా. ట్యాంకు దిమ్మెను ఎత్తు చేయాలి, లేదా చిన్న ప్రెషరు పంపు పెట్టుకోవాలి. తక్కువ ఒత్తిడికి పనిచేసే మోడళ్లు కూడా దొరుకుతాయి. అంతకు ముందు గీజరులోకి నీళ్లు వచ్చే చోట ఉండే జల్లెడను విప్పి చూడటం మంచిది. బోరు నీళ్లతో వచ్చే ఇసుక అక్కడే ఆగుతుంది.

బోరు నీళ్లతో ఇసుక కన్నా పెద్ద చిక్కు సున్నం. కడప, కర్నూలు, నంద్యాల జిల్లాల కింద విస్తారంగా సున్నపురాయి పరుచుకుని ఉంది. భారత భూవిజ్ఞాన సర్వే తరఫున విలియం కింగ్ 1872లోనే కడప, కర్నూలు శిలలను వర్ణిస్తూ గ్రంథం ప్రచురించాడు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల నాపరాళ్లు, కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అన్నీ ఆ రాతి చలవే. వర్షపు నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని ఈ రాతిని కరిగిస్తూ దిగుతుంది. ఆ నీరే బోరులోంచి పైకి వస్తుంది. జనం దాన్ని ఉప్పునీళ్లు అంటారు గానీ అందులో ప్రధానంగా ఉన్నవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీరు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చు.

నీటిని కాచినప్పుడు కార్బన్ డయాక్సైడు వెళ్లిపోయి, కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు కార్బనేటుగా మారి గోడలకు అంటుకుంటుంది. బెలుం గుహల్లో వేల ఏళ్లుగా చుక్కచుక్కగా జరిగిన పనే గీజరు రాగి చుట్టల్లో రెండు మూడు శీతాకాలాల్లో జరిగిపోతుంది. రాగితో పోలిస్తే ఈ పొరకు వేడిని ప్రసారం చేసే శక్తి వందో వంతు కూడా ఉండదు. పొర కింద రాగి మితిమీరి కాగుతుంది, దారి ఇరుకై నీటి ప్రవాహం తగ్గుతుంది. నిమిషానికి ఆరు లీటర్ల గీజరు పూర్తి ప్రవాహంలో నీటిని 25 డిగ్రీలు వేడెక్కిస్తే, ప్రవాహం సగానికి తగ్గినప్పుడు అదే మంట 50 డిగ్రీలు వేడెక్కిస్తుంది. నీరు 75, 80 డిగ్రీలకు చేరే సరికి వేడి సెన్సరు మంటను ఆపేస్తుంది, కాస్త చల్లారాక మళ్లీ వెలగనిస్తుంది. వెలిగి, రెండు మూడు నిమిషాలకు ఆరి, కాసేపు ఆగితే మళ్లీ వెలిగే గీజరు కథ ఇదే. ఫిబ్రవరి చివర ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా వచ్చే సాయంత్రాల్లో ఇది మరీ ఎక్కువ. గ్యాస్ నాబ్ తగ్గించుకుంటే సరిపోతుంది. సున్నం వదలడానికి నిమ్మ ఉప్పు కలిపిన నీటిని చుట్టల్లో నింపి, నురగ ఆగేదాకా ఉంచి కడుగుతారు. బాత్రూము కడిగే యాసిడ్ పోస్తే పొరతోపాటు రాగి, ఇత్తడి కూడా పోతాయి.

చాలా మోడళ్లలో 20 నిమిషాల టైమరు కూడా ఉంటుంది. సరిగ్గా అంతసేపటికే ఆగిపోయిందని ఫిర్యాదు చేసేవాళ్లూ ఉన్నారు. అది లోపం కాదు.

గ్యాసు వైపు చూడవలసినవి కొద్దే. ఇంటి రెగ్యులేటరు గ్యాసును చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల ఒత్తిడికి తగ్గించి పంపుతుంది. ఆరు లీటర్ల గీజరు దాదాపు 10 కిలోవాట్ల వేడి నీటికి అందించాలి కాబట్టి గంటకు సుమారు కిలో గ్యాసు తాగుతుంది. వంట బర్నరు తాగే దానికి ఇది నాలుగైదు రెట్లు. ఒకే గ్యాస్ బండ నుంచి స్టవ్‌కూ గీజరుకూ పొడుగాటి సన్న గొట్టంతో పంచితే స్టవ్‌కు చాలిన ఒత్తిడి గీజరుకు చాలదు. బండ అడుగంటినప్పుడూ అంతే. ద్రవం ఆవిరయ్యేటప్పుడు బండ చల్లబడుతుంది, చల్లబడిన కొద్దీ ఆవిరి ఒత్తిడి పడిపోతుంది; ప్రొపేన్ ముందుగా ఆవిరైపోయి, చివర మిగిలే దానిలో బ్యూటేన్ పాలు ఎక్కువ. రాయలసీమ శీతాకాలంలో ఇది కాశ్మీరులోలాగా గ్యాసును ఆపేసేంత పెద్ద అడ్డంకి కాదు, మంటను కొంత కుదిస్తుంది అంతే.

మిగిలింది గాలి. ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. కిలో గ్యాసు మండడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిది అడుగుల ఎత్తున్న మూసిన స్నానాల గదిలో గీజరు పది నిమిషాలు మండితే అక్కడి ఆక్సిజన్‌లో నాలుగో వంతుకు పైగా ఖర్చవుతుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ దహనం అసంపూర్ణమై, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. స్నానం చేస్తూ తల తిరిగి, అరవడానికి కూడా శక్తి లేక కూలిపోయినవాళ్ల కేసులను భారతీయ నాడీవైద్యులు గ్యాస్ గీజర్ సిండ్రోమ్ పేరుతో వైద్య పత్రికల్లో నమోదు చేశారు.

పొగ గొట్టం లేని విదేశీ గోడ హీటర్లలో దీనికి విరుగుడుగా ప్రత్యేకమైన పైలట్ పెడతారు. గదిలో ఆక్సిజన్ 21 శాతం నుంచి 18 శాతం దగ్గరికి తగ్గగానే ఆ పైలట్ మంట జెట్ నుంచి పైకి లేచి థర్మోకపుల్‌కు దూరమవుతుంది, వాల్వు మూసుకుంటుంది. కొన్ని గీజర్లలోనూ ఆక్సిజన్ తగ్గితే ఆగే ఏర్పాటు ఉంటుంది. తలుపు తెరిచి ఉంటే ఎంతసేపైనా మండి, మూస్తే ఆరిపోయే హీటరు చెడిపోలేదు. దానిలోని థర్మోకపుల్‌ను తప్పించి వాల్వును శాశ్వతంగా తెరిచి ఉంచేలా తీగ కలపడం, సెన్సరును షార్టు చేయడం కొందరు మెకానిక్‌లు చేసే ఘనకార్యాలు. అలా చేసిన గీజరులో వాల్వు ఆ తర్వాత ఎప్పుడూ తనంతట తాను మూసుకోదు. మంట పోయినా గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. అసలు గీజరును స్నానాల గది బయట, గాలి ఆడే చోట బిగించి వేడినీటి పైపును మాత్రం లోపలికి తెస్తే ఈ గొడవ మొదలే కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉందిలే అనుకోవడం కూడా పొరపాటు. తలుపు కింద గాలి వచ్చే సందు లేకపోతే ఫ్యాను గదిలో ఒత్తిడిని తగ్గించి, కాలిన వాయువులను వెనక్కి లాగి, మంటనే ఊదేస్తుంది.

మంట ఆరిన ప్రతిసారీ వెంటనే వెలిగించకుండా అయిదు నిమిషాలు ఆగడం నియమం. వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. నేల మీద, గడప లోపల, తూము దగ్గర మడుగు కడుతుంది. గాలిలో రెండు శాతం దాకా చేరినా అంటుకుంటుంది. వాసన వస్తుంటే వెలిగించే ప్రయత్నం మాని, బండ వాల్వు మూసి, కరెంటు స్విచ్చులు ముట్టకుండా తలుపులు తెరవాలి. గ్యాసు లీకులకు దేశమంతటా ఉన్న అత్యవసర నంబరు 1906.

రిపేరు అయ్యాక విప్పిన ప్రతి కీలు మీదా సబ్బు నురగ రాసి బుడగలు లేస్తాయేమో చూస్తారు. తర్వాత తలుపు తెరిచి ఉంచి పది నిమిషాలు ఆపకుండా మండించి, మధ్యలో వంటింటి కుళాయి ఒకసారి విప్పి చూసి, మంట నీలంగానే ఉందని, కుళాయి కట్టిన వెంటనే బర్నరు పూర్తిగా ఆగుతోందని నిర్ధారించుకున్నాకే మెకానిక్‌కు డబ్బులివ్వడం మంచిది.